సూచిక: తమ వాట్సాప్ సందేశము

“బస్సు ఫ్రీ అయితే ఎండ తగ్గుతుందా?” అని సూర్యప్రకాశరావు అడగడం అది మూడోసారి.

“ఎండను తగ్గించమని నేను అడగలా. జమ్మలమడుగు పోయొస్తా అంటాండా,” అని సుబ్బలక్ష్మి చెప్పడం కూడా మూడోసారే.

ఆదివారం పొద్దున్నే ప్రొద్దుటూరులోని ఆ ఇంటి వంటింట్లో ఈ వాదన అరగంటగా నడుస్తోంది. బొరుగుల ఉగ్గానికి తిరగవాత పెట్టినప్పుడు మొదలైంది. అత్తగారు రెండో గ్లాసు కాఫీ అడిగే వేళకూ తెగలేదు. ఇడుపులపాయ క్యాంపస్ నుంచి సెలవులకు వచ్చిన కూతురు మహతి, గిన్నె ఒళ్లో పెట్టుకుని ఒకసారి అమ్మ వైపు, ఒకసారి నాన్న వైపు తల తిప్పుతూ తింటోంది.

“తొమ్మిది గంటల బస్సెక్కితే పదింటికల్లా ఆడుంటా. ట్యూటర్ సార్‌ను కలిసి, అసైన్‌మెంట్లు ఎప్పుడియ్యాలో అడిగి, మధ్యాహ్నం వంట వేళకు ఇంటికొస్తా.”

“ఆ సార్ ఉండేది పులివెందుల్లో. జమ్మలమడుగులో ఎవర్ని కలుస్తావు, గోడనా?”

“ఆదివారం పొద్దున ఆడి స్టడీ సెంటర్‌కు వస్తాడంట. నాతో చదివే హీనా చెప్పింది. మొన్న మెయిన్ బజార్లో కనపడింది. నన్ను చూసి ఎట్ల బెదిరిపాయనో ఆ పిల్ల! ‘అక్కా, మీరు లేచి తిరగతాండారా?’ అనింది. అదేం మాటో నాకర్థం కాలా. అడిగే లోపల బస్సు వచ్చిందని పరిగెత్తింది.”

సూర్యప్రకాశరావుకు కాఫీ అడ్డం పడింది. దగ్గు తగ్గాక, “ఈ కాలం పిల్లలు,” అని మాత్రం అన్నాడు.

సుబ్బలక్ష్మి ఒక ప్రైవేటు స్కూల్లో పదమూడేళ్లుగా ఎల్‌కేజీ టీచరు. ఇంటర్ కాగానే పెళ్లయింది. అ ఆలు నేర్పడానికి ఆ చదువు చాలునని అందరూ అనుకున్నారు, మూడేళ్ల కింద వచ్చిన కొత్త కరస్పాండెంటు తప్ప. డిగ్రీ లేనివాళ్లు తరగతి గదిలో ఉండడానికి వీల్లేదని ఆయన అన్నాడు. మూడేళ్లు గడువిచ్చాడు. ఆలోగా డిగ్రీ తెచ్చుకోకపోతే స్కూలు బస్సులో పిల్లలను ఎక్కించి దించే పని ఇస్తానని, అది కూడా గౌరవమైన పనేనని చెప్పాడు. ఆ గడువు ఈ జూన్‌తో తీరుతుంది. దూరవిద్యలో చేరిన సుబ్బలక్ష్మి రాత పరీక్షలన్నీ ముగించింది. మిగిలింది ఒక్క ప్రభుత్వ పాలన సబ్జెక్టులో ఇంటర్నల్ మార్కులు. రెండు అసైన్‌మెంట్లు, చిన్న మౌఖిక పరీక్ష. అవి లేకపోతే ఫలితం ఆపేస్తారు. ఫలితం ఆగితే జూన్‌లో బస్సే.

చదువు ఆమెది. పుస్తకాలు ఆమెవి. ఫోన్ నంబరు మాత్రం ఆయనది. ఆ ఇంట్లో గ్యాసుకు, రేషన్ కార్డుకు, బ్యాంకుకు, ఆమె ఆధార్‌కు, చివరకు చీరల అంగడి వాళ్లు రాసుకునే పుస్తకానికి కూడా ఒకటే నంబరు. దరఖాస్తులో ఫోన్ నంబరు గడి రాగానే ఆమె ఆయన వైపు చూస్తుంది, ఆయన గడగడా చెప్పేస్తాడు. సుబ్బలక్ష్మికి బటన్ల ఫోన్ ఒకటుంది. దాన్లో వాట్సాప్ రాదు. అత్తగారి చెల్లెలి కాల్స్ మాత్రం వస్తాయి.

మొదటి రెండేళ్లు ఆదివారం క్లాసులు ఎదురెదురుగా జరిగాయి కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఈ ఏడు కొత్త ట్యూటర్ వచ్చాడు, పాఠాలు, సందేహాలు, అసైన్‌మెంట్లు అన్నీ వాట్సాప్‌లోకి మారాయి. ట్యూటర్ మెసేజ్ పెడతాడు, సూర్యప్రకాశరావు చదువుకుంటాడు, సుబ్బలక్ష్మి అడుగుతుంది.

“ఏమన్నా వచ్చిందా?”

“ఏం లేదు, మామూలే.”

ఏడాదిగా ఆమెకు అందిన దూరవిద్య ఇంతే.

సూర్యప్రకాశరావు ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. “నేను డిగ్రీ దాకా చదివినా,” అని చెప్పుకుంటాడు. ఇంగ్లీషు పేపరు మిగిలిపోయి డిగ్రీ గడప దగ్గరే ఆగిపోయిన సంగతి చెప్పడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆయన నేర్చుకున్నది ఒకటే: వచ్చిన కాగితానికి జవాబు పోవాలి. పని జరిగిందా లేదా అనేది వేరే సంగతి.

మొదటి అసైన్‌మెంట్ మెసేజ్ వచ్చిన రోజు ఆఫీసులో ఆడిట్. ఇంటికి పోయి చెబుదాంలే అనుకున్నాడు. చెబుదాంలే, చూద్దాంలే అనుకున్నవి ఆయన టేబుల్ మీద ఎన్నేళ్లుంటాయో ఊళ్లో చాలామందికి తెలుసు. గడువు దాటిన నాలుగో రోజున ట్యూటర్ నుంచి “అమ్మా, మీ అసైన్‌మెంట్ రాలేదు” అని వచ్చింది. మరిచిపోయానని భార్యకు చెబితే ఇంట్లో పరువు పోతుంది, ట్యూటర్‌కు చెబితే బయట పోతుంది. ఇలాంటి వేళకు ఆఫీసులో ఒక దారి ఉంది. ఆయన ఆ దారే పట్టాడు.

“గౌరవనీయులైన ట్యూటర్ గారికి నమస్కరించి వ్రాయునది. విషయము: మొదటి అసైన్‌మెంట్ – స్వల్ప అనారోగ్యము – గడువు పొడిగించ కోరుట గురించి. సూచిక: తమ వాట్సాప్ సందేశము, నేటి తేది.” కింద, “ఇట్లు, తమ విధేయురాలు, సుబ్బలక్ష్మి.” ఆ కింద డోర్ నంబరుతో సహా పూర్తి చిరునామా. చిరునామా లేని కాగితాన్ని ఆయన కాగితంగానే లెక్కించడు.

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. “అయ్యో, ముందు ఆరోగ్యం చూసుకోండి. నిదానంగా పంపండి.” పక్కన నమస్కారం బొమ్మ, ఒక పువ్వు. ఇంత మర్యాదైన జవాబు సూర్యప్రకాశరావుకు సర్వీసు మొత్తంలో రాలేదు.

ఆ మర్యాదే కొంప ముంచింది. గడువు దొరికింది కాబట్టి తొందర పోయింది. తొందర పోయింది కాబట్టి మరుపు వచ్చింది. రెండో అసైన్‌మెంట్ కూడా వచ్చి మొదటిదాని పక్కన కూర్చుంది. మొదటిదాని సంగతి తేలకుండా రెండోదాని గురించి భార్యకు ఎలా చెప్పడం? మళ్లీ లేఖ రాయవలసి వచ్చింది. ముందు కాగితం కన్నా వెనక కాగితం బలంగా ఉండాలన్నది ఆఫీసు పద్ధతి. అందుకని రెండో లేఖలో స్వల్ప అనారోగ్యం నడుము నొప్పి అయింది. మూడో లేఖకు సుబ్బలక్ష్మి మంచం పట్టింది. నాలుగో లేఖలో వెన్నెముకకు ఆపరేషన్ అయిపోయింది. ఆ రోజుల్లో సుబ్బలక్ష్మి స్కూలు వార్షికోత్సవానికి ఎల్‌కేజీ పిల్లలతో కలిసి ఎగిరి డ్యాన్సు నేర్పుతోంది.

పైగా సబ్జెక్టు ప్రభుత్వ పాలన. పాఠం మీద ట్యూటర్ ఏదైనా ప్రశ్న వేస్తే భార్యను అడగాలని ఆయనకు తోచలేదు. ఇరవై ఏడేళ్లుగా పాలనలోనే ఉన్నవాడు ఇంకొకరిని అడగడమేమిటి? వికేంద్రీకరణ మీద పేజీన్నర రాసి పంపితే, “మీ జవాబులో అనుభవం కనపడుతోంది. మంచంలో ఉండి కూడా ఇంత శ్రద్ధా!” అని వచ్చింది. దానికి నక్షత్రం గుర్తు పెట్టి దాచుకున్నాడు. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా తిన్నాక అప్పుడప్పుడు తీసి చదువుకునేవాడు.

మొన్న హీనా క్లాసు వాట్సాప్ గ్రూపులో “సుబ్బలక్ష్మి అక్కను బజార్లో చూసినా” అని పెట్టింది. ఆ సాయంత్రమే ఐదో లేఖ వెళ్లింది. “అట్లు బజారునకు వెళ్లిన శ్రమ వలననే వ్యాధి తిరగబెట్టినదని మనవి.”

నిన్న సాయంత్రం ట్యూటర్ నుంచి మెసేజ్. “రేపు పదకొండుకు వీడియో కాల్‌లో మౌఖిక పరీక్ష. సాయంత్రం ఐదుకు మార్కుల పోర్టల్ మూసేస్తారు. ఎట్లనో ఒకట్ల నాలుగు మాటలు చెప్పండి, చాలు.” పొద్దున్నుంచీ సూర్యప్రకాశరావుకు కనపడుతున్న ఎండ ఇదే.

సుబ్బలక్ష్మి స్నానానికి వెళ్లగానే ఆయన పెరట్లోకి వెళ్లి ఆరో లేఖ రాశాడు. వీడియో కాల్‌కు కూర్చునే స్థితి కూడా లేదని, మౌఖిక పరీక్ష నుంచి మినహాయింపు ఇప్పించి, అసైన్‌మెంట్లకు సగటు మార్కులు వేయించ ప్రార్థన అని. సూచికలో పాత ఐదు లేఖల తేదీలూ వరసగా వేశాడు. చదువుకుని, బాగుందనిపించి పంపాడు.

ఈసారి జవాబు రావడానికి మూడు నిమిషాలు పట్టింది.

“మీరు లేవొద్దు, ఫోన్ పట్టుకోవద్దు. మేమే బయల్దేరినాం. జమ్మలమడుగులో హీనాను ఎక్కించుకుని పదకొండుకల్లా మీ ఇంట్లో ఉంటాం. మంచం దగ్గరే నాలుగు ప్రశ్నలు అడుగుతాం. చిరునామా మీ లేఖల్లో ఉంది.” చివర పువ్వు.

ఆ పువ్వును చూసి ఆయన మొదటిసారి భయపడ్డాడు.

తల తుడుచుకుంటూ వచ్చిన సుబ్బలక్ష్మికి భర్త హాలు మధ్యలో నిలబడి కనిపించాడు. “నువ్వు జమ్మలమడుగు పోబళ్లేదు,” అన్నాడు.

“మళ్లా ఎండేనా?”

“కాదు. జమ్మలమడుగే ఈడికి వస్తాంది.”

తర్వాత చెప్పింది ఆయన నిలబడే చెప్పాడు. మధ్యలో మహతి ఫోన్ లాక్కుని ఆరు లేఖలూ పైకి చదివింది. అత్తగారు శ్రద్ధగా విన్నది.

“ఏమిరా, ఆ నడుము నొప్పి నాది కదా?” అన్నది ఆవిడ.

“నీదే రాసినా అమ్మా. పేరొకటే మార్చినా.”

“మరి నాకు ఆపరేషన్ చేయించలేదే?”

సుబ్బలక్ష్మి తువాలు తీగ మీద ఆరవేసి వచ్చి, “మొదటి అసైన్‌మెంటు దేని మీద?” అని మాత్రం అడిగింది.

సూర్యప్రకాశరావు నేల వైపు చూశాడు. “పరిపాలనలో జాప్యం. కారణాలు, నివారణ.”

మహతి నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయింది. సుబ్బలక్ష్మికి నవ్వు రాలేదు. అబద్ధం ఆయనదే కానీ లేఖల కింద పేరు ఆమెది. అవి బయటపడితే దొంగ కారణాలు చెప్పిన మనిషికి మార్కులెవరు వేస్తారు? ఐదుకు పోర్టల్ మూస్తారు. పసుపు రంగు బస్సు మెట్టు మీద నిలబడి, తన దగ్గర అ ఆలు నేర్చుకున్న పిల్లల చేతులు పట్టి దించుతున్నట్టు ఆమె కళ్ల ముందు కనపడింది.

“ఒక గంట పండుకో సుబ్బూ,” అన్నాడు సూర్యప్రకాశరావు. “కష్టమేం కాదు. మంచమే కదా.”

ఆమె ముందు గదిలో మంచమెక్కి పడుకుంది. ఇరవై రెండేళ్ల సంసారంలో పగటిపూట ఆమె పడుకోవడం అదే మొదలు. ఫ్యాన్ కింద ఆ గది అంత చల్లగా ఉంటుందని ఆమెకప్పుడే తెలిసింది.

మిగతావాళ్లు ఏర్పాట్లలో పడ్డారు. తలాపున అత్తగారి నొప్పుల తైలం, సూర్యప్రకాశరావు బీపీ మాత్రలు పెట్టారు. మహతి దుప్పటి కప్పి, “వెన్నెముక ఆపరేషన్ అయినోళ్లు ఏ పక్కకు పండుకుంటారు నాన్నా?” అని అడిగింది. ఆయన లేఖలో పక్క గురించి రాయలేదు కాబట్టి చెప్పలేకపోయాడు. తర్వాత వచ్చేవాళ్లకు కాఫీ పెట్టాలని వంటింట్లోకి వెళ్లాడు. కాసేపటికి గిన్నెలు పడిన చప్పుడు, దాని వెనక కేక వినపడ్డాయి.

“చక్కెర యాడ పెట్టినావే?”

“రెండో అరలో, చింతపండు డబ్బా వెనకాల!” అని పేషెంటు మంచం మీంచి గట్టిగా చెప్పింది.

పదకొండుకు ఇంకా పది నిమిషాలుండగానే కారు వచ్చి ఆగింది. ముందు హీనా దిగింది, చేతిలో పేషెంటుకని తెచ్చిన రొట్టె పొట్లం. తర్వాత ట్యూటర్ ఆదినారాయణ. పులివెందులలో లెక్చరరు, దానికన్నా ఎక్కువగా చీనీ బత్తాయి తోట రైతు. చెప్పులకు తోటలో మట్టి ఆరిపోయి ఉంది, భుజాన చీనీకాయల సంచి. ఆయన వెనక భార్య ప్రియదర్శిని, చేతిలో పెద్ద ఫోను. గేటు తీయడానికి వెళ్లిన మహతికి ఆయన భార్యతో గొణగడం వినపడింది. “ఇంతకూ ఆ పేషెంటు పేరేంది?”

మహతి లోపలికి వచ్చి తల్లి చెవిలో ఆ మాట చెప్పింది. సుబ్బలక్ష్మి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది, కళ్లు మాత్రం బాగా తెరిచింది.

సూర్యప్రకాశరావు ఎదురెళ్లి ట్యూటర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. “సార్, మిమ్మల్ని చూడాలని శానా రోజులనుంచీ అనుకుంటాండా. ఆ వికేంద్రీకరణ మీద మీరు రాసింది చూసినాక, నేను... అంటే మా ఆవిడ... శానా సంతోషపడింది సార్.”

“నేను రాసిందా?” అన్నాడు ఆదినారాయణ. పక్కన భార్య దగ్గింది. “ఆ, రాసింటా లేప్పా. అందరికీ రాస్తాంటా.”

“పోయిన నెల పాఠం మీద కూడా మీరొక మాట అన్నారు సార్...”

“ఎండ శానా ఉండాది, లోపలికి పోదాం పాండి,” అన్నాడు ఆదినారాయణ తొందరగా. ఆ రోజు ఎండ మగవాళ్లకు చాలా ఉపయోగపడింది.

మంచం చుట్టూ కుర్చీలు వేశారు. ఆదినారాయణ రోగిని చూసి, “ఎట్లుండాదమ్మా కాలు?” అని అడిగాడు.

“నడుము,” అన్నది ప్రియదర్శిని మెల్లగా.

“నడుమే, కాలి దాకా లాగుతుంది కదా అని అడిగినా. ఇంగ ప్రశ్నలు నువ్వే అడుగు ప్రియా. నాకు గొంతు బాగలేదు.”

ప్రియదర్శిని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “భయపడొద్దక్కా. వికేంద్రీకరణ గురించి మీరు బాగా రాసినారు. అదే నాలుగు మాటల్లో చెప్పండి.”

సుబ్బలక్ష్మి తాను రాయని జవాబును గుర్తు చేసుకునే పని పెట్టుకోలేదు. ఆఫీసు సంగతులు ఆమెకు తెలియవు. పుస్తకాలు మాత్రం ఒకటికి రెండుసార్లు చదివింది, వంట పొయ్యి మీద ఉన్నప్పుడు, పిల్లల నోటుబుక్కులు దిద్దినాక.

“అధికారం ఒకరి కాడే ఉంటే పని ఆగుతుంది మేడం. వాళ్లకు తీరిక ఉంటేనే అందరికీ తీరుతుంది. ఇంట్లో అందరికీ ఒకే ఫోన్ నంబరున్నట్ల.”

ప్రియదర్శిని తలెత్తి చూసింది. ఏడాదిగా తాను చదివిన “మనవి చేయునదేమనగా” మాట ఇది కాదు. “సరే. మొదటి అసైన్‌మెంటులో ప్రశ్న. పరిపాలనలో జాప్యానికి కారణాలేంది?”

కాఫీ పళ్లెంతో గుమ్మంలోకి వచ్చిన సూర్యప్రకాశరావు అక్కడే ఆగిపోయాడు.

“పుస్తకంలో ఏడు కారణాలు రాసినారు,” అన్నది సుబ్బలక్ష్మి. ఏడూ వరసగా చెప్పింది. చెబుతూ చెబుతూ మోచేతి మీద లేచింది. “నన్నడిగితే ఇంగొకటుంది మేడం. కాగితం రాక కాదు ఆలస్యమయ్యేది. వచ్చిన కాగితం మీద ఒకరు కూర్చుంటారు. కూర్చున్నామని చెప్పరు. అవతలోళ్లకు మాత్రం దండిగా జవాబులు పోతాంటాయి. ఎవరి పని ఆగిందో వాళ్లొచ్చి అడిగితే, ఏం లేదు, మామూలే అంటారు.” దుప్పటి జారిపోయింది. ఆమె మంచం మీద బాసింపట్టు వేసుకుని నిటారుగా కూర్చుని ఉంది, స్కూల్లో కథ చెప్పేటప్పుడు కూర్చున్నట్టు.

“మరి నివారణ?”

“ఎవరి కాగితం వాళ్లకే నేరుగా పోవాల. మధ్యలో ఇంగొకరి చెయ్యి ఉండకూడదు.”

సరిగ్గా అప్పుడే పక్కింటి ఖమర్‌బీ లోపలికి వచ్చింది. ఇంటి ముందు కారు, చేతిలో రొట్టెతో మనుషులు, ఏమైందో అని కంగారుగా వచ్చింది. మంచం మీద సుబ్బలక్ష్మిని, తలాపున మందులను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“యా అల్లా! ఏమాయక్కా నీకు? పొద్దున కొళాయి కాడ నా బిందె కూడా నువ్వే ఎత్తిస్తివే!”

హీనా చేతిలో రొట్టె పొట్లం వైపు చూసుకుంది. సూర్యప్రకాశరావు కాఫీ పళ్లెం పట్టుకుని తల ఎత్తి ఫ్యాన్ వైపు చూశాడు.

ప్రియదర్శిని సూటిగా సుబ్బలక్ష్మినే అడిగింది. “అక్కా, నిజం చెప్పండి. ఏడాది పొడుగునా నాకు ఆ లేఖలన్నీ రాసిందెవరు?”

ఇంక దాచేది లేదని సుబ్బలక్ష్మి నోరు తెరిచింది. తెరిచినది తెరిచినట్టే ఆగింది. “నాకు అంటాండారేంది మేడం? లేఖలు రాసింది సార్‌కు కదా?”

ఈసారి ఫ్యాన్ వైపు చూడడం ఆదినారాయణ వంతయింది.

“అంటే మా అందరికీ పాఠం చెప్పింది మేడమేనా?” అన్నది హీనా. “అందుకే సార్, సెంటర్‌లో మిమ్మల్ని డౌటు అడిగితే గ్రూపులో అడుగు పో అంటారు!”

“నేనేం దాయనప్పా,” అన్నాడు ఆదినారాయణ, ఇంతసేపు దాచినవాడు. “తోటకు నీళ్లు కట్టుకునేటోనికి ఈ గ్రూపులు, ఈ పువ్వులు యాడ కుదురుతాయి? చిన్న ఫోను నేను తీసుకపోతా, పెద్ద ఫోను ఈమె కాడ పెడతా. ఈమె ఎమ్మే. నాకన్నా బాగా చెప్తుంది. పేరు మాత్రం నాదుండాది.”

“రాసింది నేను,” అన్నాడు సూర్యప్రకాశరావు. ఆ ఏడాదిలో ఆయన సూచిక లేకుండా చెప్పిన మొదటి మాట అది. “ఆమెకేమీ తెలీదు. నొప్పులు మా అమ్మవి.”

“నావే,” అన్నది వెనక నుంచి అత్తగారు గర్వంగా.

ప్రియదర్శిని నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. అయితే మార్కుల సంగతి వచ్చేసరికి ఆమె ముఖం గట్టిపడింది. “మౌఖిక పరీక్ష ఈమె నా కండ్ల ముందరే చెప్పింది. దానికి నేనెవరికైనా జవాబు చెప్తా. అసైన్‌మెంట్లు లేకుండా మాత్రం మార్కులు వేయలేను. టైము ఐదు వరకే.”

“మహతీ, బీరువా పైన లాంగ్ నోట్‌బుక్ తీసుకరా,” అన్నది సుబ్బలక్ష్మి.

పాఠాల చివరి ప్రశ్నలన్నిటికీ ఆమె జవాబులు రాసి పెట్టుకుంది. ఎవరూ అడగకపోయినా, అడుగుతారేమోనని. అటుకులు నానే లోపల సగం పేజీ, పప్పు ఉడికే లోపల సగం. జాప్యం మీద ప్రశ్న నవంబరులోనే పూర్తయింది. రెండో అసైన్‌మెంటుది జనవరిలో. నెలల తరబడి అవి భర్త తలకు పైనే ఉన్నాయి, ఆయన రోజూ ఆ బీరువా అద్దంలోనే తల దువ్వుకుంటున్నాడు.

ప్రియదర్శిని ప్రతి పేజీ చదివింది. రెండు చోట్ల పెన్సిలుతో తప్పు దిద్దింది, ఒకచోట మార్కు తగ్గించింది. అప్పటికి కాఫీ చల్లారింది, చీనీకాయలు ఒలవడం మొదలైంది. పోర్టల్ తెరిచి ఫోను భర్తకిచ్చింది.

“ట్యూటర్ మీరే కదా. మీరే ఎక్కించండి.”

ఆదినారాయణ ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. “పాస్‌వర్డ్ ఏంది?”

ఎవరూ నవ్వలేదు. అత్తగారు ఒక్కతే నవ్వింది. ఆవిడకు పాస్‌వర్డ్ అంటే ఏమిటో తెలియదు, అయినా నవ్వింది.

వెళ్లేముందు ప్రియదర్శిని గేటు దగ్గర సూర్యప్రకాశరావు వైపు తిరిగింది. “ఇంగమీద అట్ల రాయొద్దండీ. కానీ, ఆ వికేంద్రీకరణ జవాబు నిజంగానే బాగుండింది.”

సూర్యప్రకాశరావు కారు మలుపు తిరిగే దాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. సుబ్బలక్ష్మి కూడా ఆ మాట విన్నది. విని, గుర్తు పెట్టుకుంది.

మే చివర ఫలితం వచ్చింది, ఫస్ట్ క్లాసు. జూన్‌లో స్కూలు తెరిచినప్పుడు సుబ్బలక్ష్మి మళ్లీ ఎల్‌కేజీ గదిలోనే ఉంది. కరస్పాండెంటు ఆమెను అభినందించి, ఇకమీదట పీజీ ఉంటే బాగుంటుందని అన్నాడు.

తర్వాతి ఆదివారం అందరూ ఉగ్గాని తింటున్నారు. సుబ్బలక్ష్మి అత్తగారికి రెండో గ్లాసు కాఫీ ఇచ్చి, తానూ పీట వేసుకుని కూర్చుంది. ఆమె పక్కన మహతి పాత ఫోను ఉంది. అద్దం ఒక మూల పగిలింది, మిగతాదంతా బాగుంది. అందులో కొత్త సిమ్ము.

“ఒక మాట చెప్పాల మీకందరికీ,” అన్నది. “ఆయన్ను డిగ్రీలో చేర్చినా.”

సూర్యప్రకాశరావు చేతిలో ముద్ద ఆగింది. “నన్నా? నేనెప్పుడు దరఖాస్తు పెట్టినా?”

“పోయిన వారం కాగితాలిస్తే సంతకాలు పెట్టినారు కదా. పైన ఏముందో చూడలా. అదే సెంటరు, అదే సబ్జెక్టు. ఈసారి ట్యూటర్ పేరు కాడ ప్రియదర్శిని గారి పేరే పెట్టినారంట, సార్ తోట చూసుకుంటాడంట. బాగా రాస్తారని ఆమే అన్నది కదా. ఇంగ్లీషు పేపరు కూడా ఉంది, మహతి చెప్తుంది.”

“రిటైరయ్యే వయసులో చదువేందే?” అన్నాడాయన. గొంతులో మాత్రం కోపం సరిగ్గా పలకలేదు. తర్వాత మెల్లగా, “అడ్మిషన్ నంబరు వచ్చిందా? నా ఫోనుకు మెసేజేం రాలేదే?” అని అడిగాడు.

“ఫోన్ నంబరు గడిలో నాది రాసినా.”

మహతి తల వంచుకుని తింటోంది. అత్తగారు కాఫీ ఊదుకుంటోంది. ఇంతలో పీట పక్కన పగిలిన అద్దం వెలిగి, ఫోను టింగుమన్నది. సుబ్బలక్ష్మి తీసి చదివింది, రెండుసార్లు పైకీ కిందికీ జరిపి చూసింది, బోర్లా పెట్టింది.

“యూనివర్సిటీ వాళ్లదేనా? ఏమొచ్చింది?” అన్నాడు సూర్యప్రకాశరావు మెడ సాచి.

“ఏం లేదు,” అన్నది సుబ్బలక్ష్మి, “మామూలే.”